కీర్తన ఒకటే, పాడినవాళ్లు ఇద్దరు

అందరికీ నమస్కారం. ఇవాళ మటిస్యాహు అనే యూదు గాయకుడి గురించి, అతని కచేరీ ఒకదాని గురించి చెబుతాను.

మీలో చర్చికి వెళ్లేవాళ్లకు 137వ కీర్తన తెలిసే ఉంటుంది. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులు అక్కడి నదుల ఒడ్డున కూర్చుని, సీయోనును, అంటే తమ జెరూసలేమును తలుచుకుని ఏడుస్తారు. ఈ కీర్తనను 1970లో జమైకాకు చెందిన మెలోడియన్స్ బృందం రెగే అనే తమ దేశపు బాణీలో పాటగా కట్టింది. 1978లో బోనీ ఎం పాడాక దాన్ని మన దేశంలోనూ క్యాసెట్లు అరిగేదాకా విన్నారు. డిస్కో పాటే అనుకుని గంతులేసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటున్నాను.

జమైకాలో రాస్తాఫారీ అనే మతాన్ని పాటించేవాళ్లకు మాత్రం అది గంతులేసే పాట కాదు. బానిసలుగా అమ్ముడుపోయినవాళ్ల సంతతి వాళ్లు. తమను అణిచే పోలీసును, తెల్లవాడి పాలనను ‘బాబిలోన్’ అన్నారు. తిరిగి చేరాల్సిన ఆఫ్రికాను ‘సీయోను’ అన్నారు. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీలో బైబిల్ చెప్పే యూదా సింహాన్ని చూశారు. అంటే రెగే మాటల మూటలో సగం యూదుల ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

ఆ మూటను మళ్లీ యూదుల ఇంటికి మోసుకొచ్చిన మనిషి మటిస్యాహు. అసలు పేరు మాథ్యూ మిల్లర్, 1979లో అమెరికాలో పుట్టాడు. ఇరవై దాటాక న్యూయార్క్ బ్రూక్లిన్‌లో చబాద్ అనే హసీదీ శాఖలో చేరాడు. హసీదీలంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదులు. నల్ల టోపీ, నల్ల కోటు, గుబురు గడ్డంతో స్టేజీ ఎక్కి, నోటితోనే డ్రమ్స్ వాయిస్తూ రెగే పాడుతుంటే జనం నోరెళ్లబెట్టారు. 2005లో ఆస్టిన్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌తో పేరు మోగిపోయింది. శుక్రవారం పొద్దు గూకితే విశ్రాంతి దినం మొదలైనట్టే, ఆ రాత్రి కచేరీ ఉండేది కాదు. 2011 డిసెంబరులో గడ్డం తీసేశాడు. అప్పుడు అభిమానులు పడ్డ టెన్షన్ చూస్తే, గొంతు కన్నా గడ్డానికే ఎక్కువ అభిమానులున్నారా అనిపిస్తుంది!

అతని పాట వినేటప్పుడు రెండు సంగతులు గమనించండి. మనకు ఆదితాళంలో సమం మీద మొదటి దెబ్బ పడుతుంది. రెగేలో ‘వన్ డ్రాప్’ అనే నడకలో ఆ మొదటి దెబ్బనే వదిలేస్తారు. డ్రమ్ము బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. ఆ ఖాళీలోనే ఒళ్లు ఊగుతుంది. ఆ ఊపు మీద మటిస్యాహు మాటల్లేని ఒక రాగం తీస్తాడు. హసీదీలు దాన్ని ‘నిగ్గున్’ అంటారు. మన ఆలాపనకు దగ్గరి చుట్టమనుకోండి. ర్యాప్ వేగం ఆగి ఆ రాగం అందుకున్న క్షణంలో అతను నాకు బాగా నచ్చుతాడు.

ఇక కచేరీ దగ్గరికి వస్తాను. స్పెయిన్‌లో మధ్యధరా తీరాన బెనికాసిమ్ అనే ఊరుంది. ఇటలీలో 1994లో మొదలైన రోటోటామ్ సన్‌స్ప్లాష్ రెగే ఉత్సవం 2010లో అక్కడికి మారింది. 2015 ఆగస్టు 22న మటిస్యాహు పాడాలి. ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలనే బీడీఎస్ ఉద్యమం వాళ్లు అతన్ని రానివ్వొద్దన్నారు. ఇజ్రాయెల్ సైన్యానికి, దాని మద్దతుదారులకు అతను అండగా ఉన్నాడన్నది వాళ్ల అభ్యంతరం. పాలస్తీనా దేశానికి మద్దతుగా ప్రకటన ఇవ్వమని నిర్వాహకులు అడిగారు. అతను ఇవ్వనన్నాడు. కచేరీ రద్దయింది.

గొడవ స్పెయిన్ ప్రభుత్వం దాకా పోయింది, ప్రభుత్వమూ ఖండించింది. అతను ఇజ్రాయెలీ కాదు, అమెరికన్. పైగా మిగతా గాయకులెవరినీ ఇలా సంతకం అడగలేదు. నాలుగైదు రోజుల్లోనే నిర్వాహకులు క్షమాపణ చెప్పి మళ్లీ పిలిచారు.

గాయకుణ్ణి రాజకీయాల గురించి అడగకూడదని నేననను. పాలస్తీనీయుల గోడు వినిపించడానికి పాటల పందిరి తగని చోటూ కాదు. కానీ అడిగితే అందరినీ అడగాలి. ఒక్క యూదుణ్ణే గుమ్మం దగ్గర నిలబెట్టి పరీక్ష పెడితే, ఆ ప్రశ్న ఎంత న్యాయమైనదైనా చెడిపోతుంది.

ఆ శనివారం రాత్రి అతను స్టేజీ ఎక్కేసరికి ఎదురుగా జనంలో పాలస్తీనా జెండాలు. కొందరు గేలి చేశారు, కొందరు చప్పట్లు కొట్టారు. అతను పాడిన వాటిలో ‘జెరూసలేం’ అనే సొంత పాట ఒకటి. నిన్ను మరచిపోతే నా కుడిచేయి పనికిరాకుండా పోనీ అనే భావం మీద కట్టిన పాట అది. ఎక్కడిదో గుర్తుపట్టారా? అదే 137వ కీర్తన. మొదటి వచనం జమైకావాళ్లకు దక్కింది, అయిదో వచనం ఇతను తీసుకున్నాడు.

ఆ జెండాల ముందు ఆ పాటే పాడటం రాజీ కోసమని ఎవరైనా అనుకోవచ్చు. నాకు అందులో పట్టుదలే ఎక్కువ కనిపిస్తుంది. జెండాలు పట్టుకున్నవాళ్లదీ పోగొట్టుకున్న ఊరి బాధే కదా, వాళ్లకు ఆ పాట ఎలా వినిపించి ఉంటుంది? ఆ జెండాలు ఎగురుతూనే ఉన్నాయి, అతనూ పాట ఆపలేదు. నాకు ఆ రాత్రిలో నచ్చిన సంగతి అదే.

ఇక మాటలు చాలు. రెండు పాటలూ వరసగా పెడుతున్నాం, ముందు జమైకావాళ్లది. బాబూ, ఆ వెనక లైట్లు కొంచెం తగ్గిస్తావా?