ఆ ఒక్క కాలమ్ ఎక్కడ?

నమస్తే. ఈమధ్య ఏ దేశంలో ఏ ప్రభుత్వాన్ని అడిగినా ఒకటే జవాబు. "దాచడానికేముందండీ, అంతా వెబ్‌సైట్‌లో పెట్టేశాం, చూసుకోండి." సరే అని వెళ్తాం. రంగురంగుల గ్రాఫులు, గిర్రున తిరిగి ఆగే అంకెలు, పైన మంత్రిగారి ఫొటో. డౌన్‌లోడ్ నొక్కితే వందల పేజీల పీడీఎఫ్, అదీ కాగితాలు స్కాన్ చేసి పెట్టింది. ఓపికున్నవాళ్లు కిందామీదా పడి దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తారు. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. ఏ కాలమ్ ఉంటే విషయం తేలిపోతుందో, సరిగ్గా ఆ కాలమే ఉండదు.

డేటా పెట్టారా లేదా అన్నది పాత ప్రశ్న అయిపోయింది. ఏ కాలమ్ తీసేసి పెట్టారు అని అడగాల్సిన రోజులివి. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

బ్రిటన్‌తో మొదలుపెడతా. అక్కడ ఎంపీలకు నియోజకవర్గంలో ఒక ఇల్లు, లండన్‌లో ఒక ఇల్లు అవసరం కాబట్టి, రెండో ఇంటి ఖర్చు పార్లమెంటే భరించేది. అద్దె, లోన్ వడ్డీ, మరమ్మతులు, ఫర్నిచర్. ఆ బిల్లులు చూపించండి అని సమాచార చట్టం కింద జర్నలిస్టులు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2008లో హైకోర్టు కూడా ఇవ్వాల్సిందే అంది. చివరికి 2009 జూన్ 18న పార్లమెంటు ఆ బిల్లులన్నీ ఇంటర్నెట్‌లో పెట్టింది. పెట్టింది సరే, పేజీల నిండా నల్లటి పట్టీలు. భద్రత పేరు చెప్పి ఇళ్ల అడ్రసులన్నీ కనబడకుండా కొట్టేశారు.

అడ్రసే కదా, పోతే పోనీ అనిపిస్తుంది. కానీ మోసం దాగింది ఆ అడ్రసులోనే. కొందరు ఎంపీలు ఏం చేశారంటే, ఈ ఏడాది ఫలానా ఇల్లు నా రెండో ఇల్లు అని రాసిచ్చి దానికి రంగులు, వంటగది, సోఫాలు అన్నీ ప్రభుత్వ సొమ్ముతో చేయించుకున్నారు. ఆ పనయ్యాక, ఇప్పుడు నా రెండో ఇల్లు అది కాదు, ఇదీ అని ఇంకో ఇంటికి మార్చేసి, దానికీ మొదలుపెట్టారు. అదే ఇంటిని అమ్మేటప్పుడు పన్నుల శాఖ దగ్గర మాత్రం ఇదే నా మొదటి ఇల్లు అని చెప్పుకుని పన్ను తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. అడ్రస్ కాలమ్ తీసేశాక బిల్లులో ఏం మిగులుతుంది? ఒక ఎంపీ పేరు, ఒక మంచం, దాని ఖరీదు. ఎన్నిసార్లు తిరగేసినా తప్పు దొరకదు.

మరి ఎలా దొరికారు? అధికారికంగా పెట్టకముందే, మే నెలలోనే, నల్ల పట్టీలు లేని అసలు ఫైళ్లు డైలీ టెలిగ్రాఫ్ పత్రిక చేతికి చిక్కాయి. ఆ దెబ్బకు స్పీకర్ దిగిపోయారు. కొందరు ఎంపీలు జైలుకు వెళ్లారు. తర్వాత గార్డియన్ పత్రిక 4.5 లక్షల పైచిలుకు అధికారిక పేజీలను పాఠకుల ముందు పెట్టి, మీరూ చదివి తేడా ఉన్నవి చెప్పండి అంది. వేలమంది కూర్చుని చదివారు కూడా.

ఇంత జరిగితే జనానికి గుర్తుండిపోయింది ఏంటో తెలుసా? ఒక ఎంపీ తన కొలనులో బాతుల కోసం కొన్న చిన్న ఇల్లు, 1,645 పౌండ్లు. నిజానికి ఆ బిల్లును పార్లమెంటు ఆఫీసు చెల్లించనే లేదు. టీవీలకు బాతులే కావాలి, ఏం చేస్తాం! సొమ్ము పోయింది మాత్రం అడ్రసులు మారిన చోట.

భారత్‌లో ఇదే కథ ఇంకో రూపంలో చూశాం. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని, అంటే బ్యాంకులో బాండు కొని పేరు బయటపడకుండా పార్టీకి చందా ఇచ్చే పద్ధతిని, కొట్టేసింది. ఎవరు కొన్నారు, ఏ పార్టీ డబ్బు చేసుకుంది, మొత్తం బయటపెట్టమని స్టేట్ బ్యాంకుకు చెప్పింది. బ్యాంకేమో జూన్ 30 దాకా గడువు అడిగింది. కొన్నవాళ్ల వివరాలు ఒకచోట, పార్టీల వివరాలు ఇంకోచోట ఉన్నాయి, రెండూ సరిపోల్చడానికి టైం పడుతుందని. మార్చి 11న కోర్టు కుదరదంది. మర్నాడే వివరాలు ఎన్నికల సంఘానికి చేరాయి, 14న వెబ్‌సైట్‌లోకి ఎక్కాయి.

ఎక్కినవి రెండు పీడీఎఫ్‌లు. మొదటిదాంట్లో తేదీ, కొన్నవారి పేరు, బాండు విలువ. రెండోదాంట్లో తేదీ, పార్టీ పేరు, బాండు విలువ. కోటి రూపాయల బాండ్లు ఇటు లైన్ల కొద్దీ, అటు లైన్ల కొద్దీ. ఇందులో ఏది అందులోకి వెళ్లిందో ఎవరు చెప్పగలరు? అన్నీ ఇచ్చినట్టే ఉంది, ఏమీ ఇవ్వనట్టే ఉంది.

నిజానికి ప్రతి బాండు మీదా ఒక నంబరు ఉంది. మామూలు వెలుతురులో కనిపించదు, అతినీలలోహిత కాంతి కింద పెడితే కనిపిస్తుంది. ఈ సంగతి 2018లోనే ఒక జర్నలిస్టు సొంతంగా బాండ్లు కొని, ల్యాబులో పరీక్ష చేయించి మరీ రాశారు. ఆ నంబరే రెండు జాబితాల్లోంచీ మాయం. కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక, మార్చి 21న నంబర్లతో సహా కొత్త జాబితాలు వచ్చాయి. ఇక చెప్పేదేముంది, ఎక్సెల్‌లో వీలుకప్, అంటే నంబరు పట్టుకుని రెండు జాబితాలను జతచేసే ఫార్ములా, వచ్చినవాళ్లకు అది ఒక పూట పని. ఏ కంపెనీ పేరు ఏ పార్టీ పక్కన పడాలో అక్కడ పడిపోయింది. జూన్ 30 దాకా గడువు కావాలన్న పని ఇదే మరి.

ఇక్కడ కొంచెం బ్రెజిల్ వెళ్లొద్దాం, అక్కడ కాలమ్ ఉంటే ఏమవుతుందో కనిపిస్తుంది. 2004లో కేంద్ర ప్రభుత్వం పారదర్శకత పోర్టల్ అని ఒకటి తెరిచింది. మంత్రుల ప్రభుత్వ కార్డు ఖర్చులు అందులో మొత్తంగా కాకుండా, ఏ కొనుగోలుకు ఆ కొనుగోలు విడివిడిగా ఉంటాయి. 2008లో జర్నలిస్టులు అది తిరగేస్తుంటే క్రీడల మంత్రి కార్డు మీద 8.30 రియల్స్ బిల్లు కనబడింది. టపియోకా, అంటే కర్రపెండలం పిండితో వేసే అట్టు. అంతే, దేశమంతా అదే మాట. ఆ మంత్రి కార్డు మీద పెట్టిన ఖర్చంతా, 30 వేల రియల్స్ పైనే, వెనక్కి కట్టేశారు. అదే కార్డుల గొడవలో ఇంకో మంత్రి రాజీనామా చేశారు. "మంత్రిత్వ శాఖ ఇతర ఖర్చులు" అని ఒకే లైను పెట్టి ఉంటే ఈ అట్టు ఎవరికి దొరికేది?

నాకు ఇంకా నచ్చింది 2016లో జరిగింది. కొందరు ప్రోగ్రామర్లు జనం దగ్గర చందాలు పోగుచేసి, పార్లమెంటు సభ్యుల ఖర్చులు తనిఖీ చేసే ప్రోగ్రాం ఒకటి రాశారు. ప్రాజెక్టు పేరు సెరెనాటా దె అమోర్, అదొక చాక్లెట్ పేరు. ఎందుకంటే 1995లో స్వీడన్ ఉపప్రధాని ఒకావిడ ప్రభుత్వ కార్డుతో చాక్లెట్లు, ఇతర సొంత వస్తువులు కొన్నారని బయటపడి ప్రధాని రేసులోంచి తప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ కాగితాలు చూసే హక్కు జనానికి 1766లోనే ఇచ్చిన దేశం కదా అది. ఆ ఉదంతానికి గుర్తుగా పెట్టుకున్న పేరన్నమాట.

వీళ్ల ప్రోగ్రాం పేరు రోజీ. ఏం చేసేదో చూడండి. సభ్యుడు ఇచ్చిన ప్రతి బిల్లు మీదా దుకాణం రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని కంపెనీల రిజిస్టర్‌లోకి వెళ్తే దాని అడ్రస్, అది నడుస్తోందా మూతపడిందా అన్నీ దొరుకుతాయి. ఇప్పుడు ఒకే రోజు ఒకే సభ్యుడి పేరు మీద వేర్వేరు ఊళ్లలో బిల్లులుంటే, ఆ ఊళ్ల మధ్య దూరం లెక్కేసి, ఇంత దూరం ఒక్కరోజులో తిరగడం సాధ్యమేనా అని రోజీ అడిగేది. మూతపడ్డ కంపెనీ పేరు మీద బిల్లుంటే పట్టేసేది. భోజనం బిల్లు మరీ ఎక్కువైతే పక్కన పెట్టేది. తర్వాత ట్విట్టర్‌లో నేరుగా ఆ సభ్యుణ్నే ట్యాగ్ చేసి, దీని సంగతేంటండీ అని అడిగేది. ఇందులో మంత్రమేమీ లేదు. ఇదంతా నడిచింది బిల్లు మీదున్న రిజిస్ట్రేషన్ నంబరు మీద. అది కొట్టేస్తే రోజీకి కళ్లు పోయినట్టే.

2007 డిసెంబరులో కాలిఫోర్నియాలోని సెబాస్టపోల్‌లో ఓ 30 మంది కూర్చుని, ప్రభుత్వ డేటా ఎలా ఉండాలో 8 సూత్రాలు రాసుకున్నారు. అందులో అందరూ చెప్పేది కంప్యూటర్ చదవగలిగేలా ఉండాలన్నది. నాకు మాత్రం దానికన్నా ముఖ్యమనిపించేది రెండో సూత్రం. సేకరించినప్పుడు ఎంత వివరంగా ఉందో అంత వివరంగానూ ఇవ్వాలి, కూడికలు చేసి ఇవ్వకూడదు.

ఉక్రెయిన్‌కి అది బాగానే అర్థమైంది. అక్కడి ప్రభుత్వ కొనుగోళ్లు 2016 ఆగస్టు నుంచి ప్రోజోరో అనే సిస్టంలోనే జరగాలి. టెండరు, ఎవరెవరు ఎంతకు వేశారు, ఎవరికి దక్కింది, కాంట్రాక్టు కాగితం, అన్నీ బహిరంగం. "అందరూ అన్నీ చూస్తారు" అన్నది వాళ్ల నినాదం. యుద్ధం వచ్చాక సైన్యం కొనుగోళ్లు సహజంగానే అందులోంచి బయటికి వెళ్లిపోయాయి. ఎక్కడికి ఎన్ని తుపాకులు వెళ్తున్నాయో శత్రువుకు చెప్పలేరు కదా, అది న్యాయమే. అయితే 2023 జనవరిలో ఒక పత్రిక రక్షణశాఖ ఆహార కాంట్రాక్టు సంపాదించి బయటపెట్టింది. దుకాణంలో 7 హ్రివ్నియాలు ఉన్న కోడిగుడ్డు సైన్యానికి 17. పొరపాటున పడిన అంకె అన్నారు, ఇంకేవో సర్ది చెప్పారు. కొద్ది రోజుల్లోనే ఉపమంత్రి రాజీనామా. తర్వాత చట్టమే మార్చి, యుద్ధంలో కూడా ఇలాంటి మామూలు సరుకుల ధరలు బయటపెట్టాలన్నారు.

ఇది గమనించండి. ఎంతమంది సైనికులు, ఏ శిబిరానికి ఎన్ని గుడ్లు, ఇవి దాచుకోవచ్చు. ఒక్క గుడ్డు ధర చెబితే శత్రువుకు ఒరిగేదేమీ లేదు. భద్రత అనే మాట వినగానే ఫైలు మొత్తం మూసేయక్కర్లేదు. ఏ కాలమ్ మూయాలి, ఏది తెరవాలి అని విడదీసి చూడొచ్చు. చాలా ఆఫీసులకు ఆ ఓపిక ఉండదు, లేదంటే ఆ ఓపిక లేకపోవడమే వాళ్లకు లాభం.

అలాగని అన్నీ తెరిచేయండి అని కూడా నేననను. 2014లో న్యూయార్క్ ట్యాక్సీల డేటా, అంతకుముందు ఏడాది నడిచిన 17 కోట్లకు పైగా ట్రిప్పులు, సమాచార దరఖాస్తు మీద ఒకరికి ఇచ్చారు, ఆయన దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. ట్యాక్సీ నంబరు కనబడకుండా ఒక ఫార్ములాతో మార్చి ఇచ్చారు. కానీ ఆ నంబర్లు ఫలానా నమూనాలోనే ఉంటాయి కాబట్టి సాధ్యమయ్యేవన్నీ ముందే లెక్కేసుకుంటే చాలు, గుట్టంతా విడిపోతుంది. గంటల్లో విప్పేశారు. దాంతో, ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోల్లో ట్యాక్సీ నంబరు చూసి, ఏ సినిమా తార ఎక్కడ దిగారు, టిప్పు ఎంతిచ్చారు అన్నదాకా వెళ్లింది. ఇక్కడ జనం మీద కన్నేయడమే తప్ప ప్రభుత్వం మీద కన్నేయడం ఎక్కడుంది? నా లెక్కలో గీత అక్కడ పడుతుంది. ప్రజల సొమ్ము తీసుకున్నవాళ్ల పేరు ఉండాలి, ట్యాక్సీ ఎక్కినవాడి పేరు ఉండకూడదు. కంపెనీల అసలు యజమానులెవరన్న రిజిస్టర్ల విషయంలో ఈ గీత మీద ఇంకా గొడవ నడుస్తూనే ఉంది. 2022 నవంబరులో యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం, గోప్యత కారణం చూపి, వాటిని జనమందరికీ తెరిచి ఉంచడం చెల్లదంది. తీర్పు వచ్చాక కొన్ని దేశాలు వెంటనే రిజిస్టర్లు మూసేశాయి. నాకైతే అది గీతకు అవతల పడిన అడుగే అనిపిస్తుంది.

ఇక చివరిది, పార్కింగ్ చలాన్లు. అదే న్యూయార్క్‌లో చలాన్ల డేటా అడ్రసులతో సహా బహిరంగంగా దొరుకుతుంది. బెన్ వెల్లింగ్టన్ అనే ఆయన 2016లో అది తిరగేశాడు. ఫుట్‌పాత్ ర్యాంపు ముందు బండి పెట్టారని వేసిన చలాన్లు కొన్ని అడ్రసుల దగ్గరే మళ్లీమళ్లీ పడుతున్నాయి. ఆ చోట్లన్నీ గూగుల్ స్ట్రీట్ వ్యూలో చూశాడు. చాలా చోట్ల అక్కడ బండి పెట్టడం అసలు తప్పే కాదు, రూలు ఏళ్ల క్రితమే మారింది. పోలీసులకు రాస్తే వాళ్లేమీ బుకాయించలేదు. మారిన రూలు కొందరు అధికారులకు తెలియలేదు, శిక్షణ ఇస్తున్నాం, ఇకమీదట ఇలాంటి చలాన్లను మేమే కనిపెట్టుకుంటాం అని జవాబిచ్చారు.

షికాగోలో ఒక పరిశోధకుడు చలాన్ల సిస్టం గురించే అడిగాడు. ఆయన డేటా కూడా అడగలేదు. మీ దగ్గర ఏయే టేబుళ్లు, వాటిలో ఏయే కాలమ్స్ ఉన్నాయో ఆ పేర్లు చెప్పండి, తర్వాత ఏం కావాలో అడుగుతాను అన్నాడు. ఇస్తే హ్యాకింగ్ ప్రమాదం అన్నారు. కోర్టుల్లో తిరిగి తిరిగి, 2023లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు దాకా వెళితే, చట్టం ప్రకారం ఆ జాబితా ఇవ్వక్కర్లేదు అని తీర్పొచ్చింది. ఏం దాస్తున్నారో తెలియాలంటే ముందు ఏముందో తెలియాలి కదా, అదే చెప్పనన్నారు.

మీరున్న చోట అలాంటి తీర్పు లేకపోతే ఆయన అడిగిన పద్ధతే మంచిది. సమాచారం ఇప్పించగలరు అని గుండుగుత్తగా దరఖాస్తు పెడితే, వచ్చేది కూడా గుండుగుత్తగానే వస్తుంది. మొదటి దరఖాస్తులో ఫలానా రిజిస్టర్‌లో ఏయే వివరాలు నమోదు చేస్తారో ఆ శీర్షికల జాబితా మాత్రం అడగండి, లేదా ఖాళీ ఫారం కాపీ ఒకటి అడగండి. ఖాళీ ఫారంలో ఎవరి వ్యక్తిగత వివరాలూ ఉండవు, కాదనడానికి కారణం వెతుక్కోవడం కష్టం. అది చేతికొచ్చాక రెండో దరఖాస్తులో కాలమ్ పేర్లు ఒక్కొక్కటీ రాసి, ఎక్సెల్ ఫైలుగా ఇమ్మనండి. అప్పుడు ఏదైనా తీసేస్తే, ఏది తీశారో, ఏ నిబంధన కింద తీశారో వాళ్లు కాగితం మీద రాసివ్వాల్సి వస్తుంది.