పూతరేకుల పెట్టె, బకెట్ నీళ్ళు

శ్రోతలందరికీ నమస్కారమండి. టైము తక్కువ, అందుకే ఈరోజు ఒక్క పెట్టె గురించే చెప్తాను. పూతరేకులు పెట్టే అట్టపెట్టె, వాడేశాక అది మళ్ళీ కాగితమవుతుందా లేదా అని.

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, ఆత్రేయపురంలో ఇంటిదగ్గరే పూతరేకులు చేయించి అమ్ముతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకే అనే ముద్ర కూడా వచ్చింది కదండీ, ఆ పేరు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ రేకు తీయడం ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? బోర్లించిన కుండ, లోపల మంట, పలచగా కలిపిన బియ్యప్పిండి. ఆ పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా ఒక్క లాగు లాగితే చాలు, రేకు వచ్చేస్తుంది. వెలుతురుకి పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు, అంత పలచన. చెయ్యి తడిగా ఉంటే అక్కడికక్కడే కరిగిపోతుంది. నాకైతే చూసినప్పుడల్లా అది కాగితంలాగే అనిపిస్తుంది, తినే కాగితం.

సరే, పెట్టెలకొద్దాం. పోయినేడు అక్క పండక్కి పెట్టెలు కొట్టించింది, ఎర్రరంగు, పైన తళతళా మెరిసే లామినేషన్, అంటే అట్టకి అతికించిన పలచటి ప్లాస్టిక్ పొర, మధ్యలో కిటికీలా కన్నం పెట్టి దానికి ప్లాస్టిక్కు. తీరా వచ్చాక చూస్తే ఫోన్ నంబర్లో ఒక అంకె తప్పు పడింది. రెండు గోతాల పెట్టెలు మూలన పడిపోయాయి, పాపం చాలా బాధపడింది. పోన్లే పాతపేపర్లకైనా వేద్దామని అవి కొనే ఆయన్ని పిలిస్తే, ఆయన కొరియర్‌కి వాడే బ్రౌన్ డబ్బాలన్నీ కాటా వేసుకుని ఈ ఎర్ర పెట్టెలు మాత్రం పక్కకి నెట్టేశాడు.

"అదేంటయ్యా, ఇదీ అట్టే కదా" అంది అక్క.

"అట్టే గానీ నానదమ్మా. కావాలంటే మీరే నానబెట్టి చూస్కోండి" అన్నాడాయన.

ఆ మాటే ఈరోజు నా ప్రసంగమంతా. నానదమ్మా.

ఆ రాత్రే అక్క రెండు బకెట్లు పెట్టింది, నేనూ అక్కడే ఉన్నాను. ఒకదాన్లో బ్రౌన్ డబ్బా ముక్క, ఇంకోదాన్లో ఎర్ర పెట్టె ముక్క. పొద్దున్నే చెయ్యిపెట్టి కలిపి చూశాం. బ్రౌన్ ముక్క పొరలు పొరలుగా విడిపోయింది, మధ్యలో ముడతల కాగితం ఒకటి, పైనా కిందా రెండు, వేళ్ళతో నలిపితే దోశపిండిలా గుజ్జయిపోయింది. ఎర్రముక్క సంగతి చెప్పాలంటే, వెనకవైపు బూడిదరంగు అట్ట కొంచెం ఊడింది, పైన మాత్రం పాలమీద మీగడలా ఒక ఫిల్ము చేతికి వచ్చింది, రంగంతా దానికే అంటుకుని ఉంది, సగం అట్ట కూడా దాన్నే పట్టుకుని వేలాడుతోంది. లాగితే సాగుతోంది తప్ప చిరగదు.

కాగితం మిల్లులో జరిగేదీ ఇదేనండి, కాకపోతే బకెట్ బదులు పెద్ద తొట్టి. పల్పర్ అంటారు. అడుగున మన మిక్సీలోలాగా తిరిగే రెక్కలుంటాయి, నీళ్ళుపోసి పాత అట్టలన్నీ అందులో వేసి తిప్పితే గుజ్జవుతుంది. గుజ్జయింది ముందుకెళ్ళి మళ్ళీ కాగితమవుతుంది, కానిదంతా చెత్త. కొన్ని మిల్లుల్లో ఒక తాడు ఆ తొట్టిలోకి వదుల్తారు, అందులో ఉన్న టేపులు, తీగలు, ప్లాస్టిక్ పీలికలు అన్నీ దానికే చుట్టుకుంటూ చుట్టుకుంటూ మోకులాగా లావెక్కిపోతాయి, దాన్ని మెల్లగా పైకి లాగి నరికి పారేస్తారు. ఒకవైపే ఫిల్ము అంటించిన అట్టని వేరుచేసి వాడుకోగల మిల్లులు కూడా ఉన్నాయి, కాదనట్లేదు. కానీ ఆ ఫిల్ముతోపాటు ఎంతో కొంత మంచి పీచు కూడా చెత్తలోకే పోతుంది. కాగితం పీచు ఎలాగూ అయిదారుసార్లు తిరిగేసరికి పొట్టిదైపోయి పనికిరాకుండా పోతుంది, ఉన్న ఆ కాసిని రౌండ్లు కూడా మనమే పాడుచేస్తే ఎలా చెప్పండి.

స్వీటు డబ్బాల చుట్టూ చుట్టే ప్లాస్టిక్ కవరు మన దేశంలో 2022 జులై 1 నుంచి బంద్ చేశారు, గుర్తుండే ఉంటుంది. చుట్టిన కవరు కంటికి కనిపిస్తుంది. అట్టకి అతుక్కుపోయిన ఫిల్ము మాత్రం కనపడదు, చింపితేనే తెలుస్తుంది. మామూలు అట్ట చింపితే అంచు దూదిలా రేగుతుంది. ఫిల్ము ఉంటే సాగుతుంది. ఇది ఎవరైనా షాపులో నిలబడి ఒక్క నిమిషంలో చూడొచ్చు.

మరి లామినేషన్ ఎందుకు వేయించావే అని అడిగితే అక్క చెప్పింది కూడా నిజమే. నెయ్యి. పూతరేకుల్లో నెయ్యి ఊరి అట్టలోంచి బయటికి మరకలు తేలిపోతాయి, మరక పడ్డ పెట్టెని చుట్టాలింటికి ఎవరు పట్టుకెళ్తారు? పైగా నెయ్యి తాగిన అట్ట కూడా మిల్లుకి పనికిరాదు, నూనె పీచుని పట్టుకుంటే నీళ్ళకి వదలదు. అందుకని ఈసారి లోపల బటర్ పేపర్ వేరేగా పరిచారు, రేకుల్ని పెట్టెకి తగలకుండా అందులోనే మడిచి పెడుతున్నారు. నెయ్యంతా ఆ కాగితానికే. తిన్నాక ఆ కాగితం తీసి చెత్తబుట్టలో పడేస్తే పెట్టె శుభ్రంగా మిగుల్తుంది, పాతపేపర్ల ఆయనకి వేయొచ్చు. కిటికీ తీసేసింది, దాని బదులు లోపలున్న రేకుల బొమ్మే పైన వేయించింది. లామినేషన్ బదులు నీళ్ళతో కలిపే వార్నిష్. ప్రెస్ ఆయన మొదట ఒప్పుకోలేదు, లుక్కు రాదండి అన్నాడు. నిజమే, అంత తళతళ ఉండదు. నాకైతే ఈ కొత్తదే బావుంది, చేతికి అట్టలా తగుల్తుంది.

ఇక స్వీటుషాపు కావచ్చు, పచ్చళ్ళు కావచ్చు, చీరలు కావచ్చు, ఎవరైనా పెట్టెలు కొట్టించేవాళ్ళుంటే నేను అడిగేది ఒక్కటే. ఆర్డర్ ఇచ్చేముందు ప్రెస్ వాళ్ళని ఒక్క శాంపిల్ పెట్టె అడగండి. మీ రంగు, మీ వార్నిష్, మీ జిగురు, అన్నీ వేసిన పెట్టె. చింపండి. రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే చెయ్యిపెట్టి కలపండి. గుజ్జయితే ఆర్డరివ్వండి. చేతికి పొర తగిలితే ఇవ్వకండి, ప్రెస్ ఆయనతో మాట్లాడండి. రీసైకిల్ గుర్తు ఎవరైనా వేసుకోవచ్చండి, మూడు బాణాలేగా. బకెట్లో వేస్తే తెలిసిపోతుంది.

అక్కకి ఇంకా తేలనిది టేపు. కొరియర్ డబ్బాకి ఆ బ్రౌన్ ప్లాస్టిక్ టేపు మూడు చుట్లు చుట్టేది. డబ్బాలో పొరల్ని అంటించే జిగురు మొక్కజొన్న గంజిలాంటిదే, అది నీళ్ళలో హాయిగా వదిలేస్తుంది, ఈ టేపే వదలదు. తడిపి అంటించే కాగితం టేపు ఒకటుంది, దాని జిగురూ గంజి రకమే, అది తెప్పించింది. కానీ వానాకాలం మన గోదావరి పక్కన గాలిలోనే తడి, టేపు చుట్ట అలాగే అంటుకుపోతోంది. ప్రస్తుతానికి దాన్ని మూత గట్టి డబ్బాలో, బియ్యం దాచుకున్నట్టు దాస్తోంది. అది అయిపోయిన రోజున మాత్రం ప్లాస్టిక్ టేపే వేస్తోంది, మూడు చుట్లు కాదు, మధ్యలో ఒక్క పట్టీ.