అడిగిన మాట, అడగని ఉద్దేశం

వ్యాఖ్యాత: మొన్న మూడు వాక్యాల సెలవు దరఖాస్తు రాసుకుని, "దీన్ని కాస్త సరిచూడు" అంటూ ఒక భాషా మోడల్‌కు, అంటే అడిగింది రాసిపెట్టే కృత్రిమ మేధ ప్రోగ్రాముకు, ఇచ్చాను. నాకు కావలసింది అక్షరదోషాలు దిద్దడం మాత్రమే. అది మూడు వాక్యాలను తొమ్మిది చేసి, "మీ ఔదార్యానికి సదా కృతజ్ఞుడను" అని నేను ఏనాడూ అనని మాటను చివర తగిలించింది. తప్పు నాదంటారా, దానిదంటారా?

అతిథి: ఏమీ అనుకోకండి, సగం మీదేనంటాను. "సరిచూడు" అన్నప్పుడు మీ మనసులో ఒకే అర్థం ఉంది. కాని అచ్చుతప్పులు దిద్దడాన్నీ, వాక్యాలు తిరగరాయడాన్నీ కూడా మనం ఆ మాటతోనే అడుగుతాం. ఎదుట మనిషి ఉంటే మీ తొందర చూసి గ్రహిస్తాడు. మోడల్‌కు అందేవి టోకెన్లనే చిన్న ముక్కలుగా తెగిన మీ మాటలే. వాటన్నిటినీ చూసి, తర్వాతి టోకెన్ ఏది కావచ్చో అంచనా వేస్తూ ఒక్కొక్కటిగా పేర్చుకుపోతుంది.

వ్యాఖ్యాత: అంచనా వేయడమే పనైతే, ప్రశ్న తర్వాత జవాబే రావాలని ఏముంది? ఇంకో ప్రశ్న రావచ్చు కదా.

అతిథి: వచ్చేది కూడా! ఓపెన్‌ఏఐ సంస్థ 2020లో తెచ్చిన భాషా మోడల్ జీపీటీ-3లో 17,500 కోట్ల పారామీటర్లు, అంటే శిక్షణలో కుదురుకునే అంకెలు, ఉన్నాయి. చంద్రుడిపై మనిషి దిగిన సంగతిని ఆరేళ్ల పిల్లవాడికి వివరించమంటే, గురుత్వాకర్షణ గురించి వివరించండి, సాపేక్ష సిద్ధాంతం గురించి వివరించండి అంటూ అది ప్రశ్నపత్రాన్ని పొడిగించింది. ఆ ఉదాహరణను 2022లో ఓపెన్‌ఏఐ పరిశోధకులే ప్రకటించారు. వారు మనుషులు రాసిన నమూనా జవాబులతోనూ, పలు జవాబుల్లో ఏది మెరుగో మనుషులు వరుస కట్టి ఇచ్చిన తీర్పులతోనూ మోడల్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చారు. అలా తయారైన 130 కోట్ల పారామీటర్ల చిన్న మోడల్ జవాబులే, దానికి వంద రెట్లకు మించిన జీపీటీ-3 జవాబులకన్నా మదింపు చేసినవారికి ఎక్కువగా నచ్చాయి.

వ్యాఖ్యాత: అయితే ఉద్దేశాన్ని గ్రహించడం నేర్చుకుందన్నమాట.

అతిథి: "గ్రహించడం" అనే మాటను నేను ఆచితూచి వాడతాను. ఎలాంటి జవాబు మనుషులకు నచ్చుతుందో నేర్చుకుంది, చిక్కంతా అక్కడే ఉంది. "నా లెక్క సరిగ్గానే ఉంది కదా?" అని అడిగితే తప్పు లెక్కకు సైతం తలూపవచ్చు, "ఇందులో తప్పు ఎక్కడుంది?" అంటే లేని తప్పును వెదికి తేవచ్చు. మీ దరఖాస్తుకు అంత వినయం పూసింది కూడా బహుశా ఆ గుణమే.

వ్యాఖ్యాత: మరి నేను ఎలా అడిగి ఉండవలసింది?

అతిథి: దానికి మంత్రాలేమీ లేవు. "ఇది పై అధికారికి ఇచ్చే దరఖాస్తు, అక్షరదోషాలు మాత్రమే దిద్దు, వాక్యాల జోలికి పోకు, మార్చిన చోట్లు విడిగా చూపు" అంటే చాలు. ఆ చివరి షరతును వదలకండి. మోడల్ మాట తప్పినా వెంటనే మీ కంటబడుతుంది.

వ్యాఖ్యాత: నేను ఆ తొమ్మిది వాక్యాలూ చదవకుండానే పంపేశానండి. సెలవు దొరికింది కాని, ఇంత వినయం ఎప్పుడబ్బిందని మా అధికారి ఇప్పటికీ అడుగుతున్నారు.