తలకు తగిలిందా? తలతో కొట్టాడా?

శ్రోతలందరికీ నమస్కారం.

2025 జనవరి 2. తెల్లవారుజామున, ఇంకా నాలుగు కాలేదు, ఫోన్ మోగింది. ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్న మా మేనల్లుడు. ఆ వేళప్పుడు అమెరికా నుంచి ఫోనొస్తే ఏ ఇంట్లోనైనా గుండె ఝల్లుమంటుంది. ఏమైందిరా అంటే, "అన్యాయం జరిగింది మావయ్యా" అన్నాడు. డబ్బేమైనా పోగొట్టుకున్నాడేమో అనుకున్నాను. తీరా చూస్తే ఫుట్‌బాల్ గొడవ. వాళ్ల యూనివర్సిటీ ఆటగాడి తలకు దెబ్బ తగిలినా కొట్టినవాడికి శిక్ష పడలేదట. మా ఆవిడ "ఇంతోటి దానికా" అని మళ్లీ దుప్పటి ముసుగేసుకుంది. నేను మాత్రం ఆ గొడవలో పడిపోయాను.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి. అవతలివాళ్లు మీదపడి పడగొట్టాలి. కబడ్డీ పట్టు లాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ వంద కిలోల మనిషి పరుగున వచ్చి గుద్దుతాడు. కబడ్డీలో తలతో గుద్దే ధైర్యం ఎవడికీ ఉండదు, పగిలేది వాడి తలే. ఇక్కడ నెత్తిన గట్టి హెల్మెట్ ఉంది. కాపాడుకోవడానికి పెట్టుకున్న హెల్మెటే కొట్టడానికి పనికొచ్చింది.

ఈ ఆటలో దెబ్బల గురించి ఆందోళన ఈనాటిది కాదు. 1905లో కుర్రాళ్లు మైదానాల్లో చనిపోతుంటే ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాడు. ఆ ఏడాది రేగిన అలజడిలోంచే ఇవాళ కాలేజీ ఆటలన్నిటినీ నడిపే ఎన్‌సీఏఏ పుట్టింది. తల ముందుకు పెట్టి ఢీకొట్టడాన్ని 1976లో నిషేధించారు. మెడ విరిగి జీవితాంతం మంచాన పడే కుర్రాళ్ల సంఖ్య ఆ తర్వాత బాగా తగ్గింది.

ఇప్పటి నిబంధన పేరు 'టార్గెటింగ్'. ఇందులో రెండు తప్పులున్నాయి. హెల్మెట్ పైభాగంతో ఎవరినైనా బలంగా కొట్టడం ఒకటి. బంతి అందుకునేవాడిలా తనను తాను కాచుకోలేని స్థితిలో ఉన్నవాడిని తల దగ్గరో మెడ దగ్గరో కొట్టడం రెండోది. ఈ రెండో దాంట్లో హెల్మెటే తగలనక్కర్లేదు, భుజమైనా మోచేయైనా తప్పే. 2008 నుంచి దీనికి 15 గజాల పెనాల్టీ ఉంది, అంటే బంతిని తప్పు చేసినవాళ్ల గోల్ వైపు అంత దూరం జరుపుతారు. 2013లో ఆటగాణ్ణి మ్యాచ్ నుంచే పంపేయడం మొదలుపెట్టారు. రెండో సగంలో దొరికితే తర్వాతి మ్యాచ్ మొదటి సగం కూడా పోయినట్టే అన్నారు.

ఆ మొదటి ఏడాది ఓ వింత జరిగింది. వీడియో చూసి తప్పేమీ లేదని ఆటగాణ్ణి వెనక్కి పిలిచినా, ఆ 15 గజాలు మాత్రం తిరిగి ఇచ్చేవారు కాదు. నిర్దోషివే, జరిమానా కట్టి వెళ్లు అన్నట్టు! మరుసటి ఏడాది దిద్దుకున్నారు లెండి. 2019 దాకా మన క్రికెట్లో 'అంపైర్స్ కాల్' లాంటిది కూడా ఉండేది. వీడియోలో తేలకపోతే మైదానంలో ఇచ్చిన తీర్పే నిలిచేది. అదీ తీసేశారు. ఇప్పుడు అన్నీ రుజువు కావాలి, లేదంటే కొట్టేయాలి.

అసలు చిక్కంతా ఆ వీడియోతోనే. బంతి అందుకున్నవాడు వెనక్కి తిరిగేసరికి అడ్డుకునేవాడు మూడడుగుల దూరంలో ఉంటాడు. ఛాతీకి గురిపెట్టి దూకుతాడు. ఈలోగా ఇవతలివాడు దెబ్బ తప్పించుకోవడానికి వంగుతాడు. ఛాతీ ఉండాల్సిన చోటికి తల వచ్చేస్తుంది. 1999లో అడిలైడ్‌లో మెక్‌గ్రాత్ బంతికి వంగిన సచిన్ భుజానికి తగిలితే ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చారు, గుర్తుందా? అలాంటి పేచీయే ఇదీ. పైగా స్లో మోషన్‌లో చూస్తే ప్రతి దెబ్బా కావాలని కొట్టినట్టే ఉంటుంది.

మా వాడి ఏడుపు అట్లాంటాలో జరిగిన పీచ్ బౌల్ గురించి. కాలేజీ ఛాంపియన్‌షిప్‌లో అది క్వార్టర్‌ఫైనల్. టెక్సస్‌తో ఆరిజోనా స్టేట్ మ్యాచ్. 24-8తో వెనకబడ్డ ఆరిజోనా వాళ్లు 24-24కు లాక్కొచ్చారు. ఇంకా నిమిషం పైచిలుకు ఉందనగా బంతి అందుకున్న స్టోవాల్‌ను టెక్సస్ ఆటగాడు టాఫ్ ఢీకొట్టాడు. హెల్మెట్‌కు హెల్మెట్ తగిలింది. వీడియో చూశారు, టార్గెటింగ్ కాదన్నారు. అవునని ఉంటే 15 గజాలు, ఆ పైన బంతిని ముందుకు తీసుకెళ్లడానికి ఆరిజోనా వాళ్లకు కొత్తగా నాలుగు ప్రయత్నాలు వచ్చేవి. టాఫ్‌కు సెమీఫైనల్లో సగం ఆట పోయేది. అవేవీ జరగలేదు. రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 39-31తో టెక్సస్ గెలిచింది.

అదే స్టేడియంలో 2022 డిసెంబర్ 31న ఇంకో దెబ్బ పడింది. ఒహాయో స్టేట్ ఆటగాడు మార్విన్ హారిసన్ జూనియర్‌ను జార్జియా ఆటగాడు గోల్ దగ్గర గుద్దాడు. ముందు టార్గెటింగ్ అన్నారు, వీడియో చూసి కాదన్నారు. హారిసన్ మాత్రం తలదెబ్బతో మళ్లీ ఆడలేదు. అక్కడ బంతిని కాలితో తన్నితే వచ్చే మూడు పాయింట్లతో సరిపెట్టుకున్న ఒహాయో స్టేట్ 42-41తో ఓడింది. ఆ ఒక్క పాయింట్ గురించి అక్కడివాళ్లు ఇంకా మాట్లాడుకుంటూనే ఉంటారు.

నన్నడిగితే, రెండు శిక్షల్నీ ఒకే తాడుతో కట్టడమే పొరపాటు. తలకు గట్టిగా తగిలితే, కావాలని కొట్టినా కొట్టకపోయినా 15 గజాలు ఇచ్చేయాలి. బయటికి పంపడం మాత్రం తల దించి గుద్దినవాడికే పెట్టుకోవాలి. ఇప్పుడు పెనాల్టీ వేస్తే ఆటగాణ్ణీ పంపేయాల్సిందే కాబట్టి, వీడియో గదిలో కూర్చున్నవాడు ఏదీ వేయకుండా ఊరుకోవడానికే మొగ్గుతాడేమోనని నా అనుమానం. ఏడాదికి పన్నెండు మ్యాచ్‌లు ఆడే ఇరవయ్యేళ్ల కుర్రాడికి అందులో ఒకటి దాకా పోతుందంటే ఎవరి చెయ్యి తడబడదు?

ఆ పొద్దున మా వాడు వాట్సాప్‌లో ఆ క్లిప్ పంపాడు. నెమ్మదిగా తిప్పి చూస్తే టాఫ్‌ను పంపేయాలనిపించింది. మామూలు వేగంలో చూస్తే, పాపం, ఆ కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు అనిపించింది. "మీకు 15 గజాలు రావాల్సిందేరా" అని చెప్పాను. "మరి వాణ్ణి పంపేయాలా, వద్దా?" అని అడిగాడు. పాలబ్బాయి వచ్చాడని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నమస్కారం.