బండిలో మనవాళ్లు

అధ్యక్షుల వారికీ, పెద్దలకీ, ఆదివారం పూట కునుకు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

‘నగర జీవితం, నా అనుభవం’ అని నాకు విషయం ఇచ్చారు. నిజం చెప్పాలంటే నాకు నగరం సరిగ్గా తెలియదు. ఉద్యోగం విశాఖపట్నంలో, ఇల్లు ఇక్కడ విజయనగరంలో. బీచ్‌కి తీసుకెళ్లి ఎన్నేళ్లయిందో మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది. పంతొమ్మిదేళ్లుగా నేను కాపురమున్న నగరం పాసింజర్ బండే. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి... ఇవే నా వీధులు. అందుకని బండి గురించే మాట్లాడతాను. బండి గురించి మాట్లాడుతూ 2023 అక్టోబరు 29ని దాటిపోవడం నా వల్ల కాదు.

ఆ రోజు కూడా ఆదివారమే. సాయంత్రం విశాఖలో పలాస పాసింజర్ బయల్దేరింది, కాసేపటికి దాని వెనకే రాయగడ పాసింజర్. విజయనగరం వాడికి రెండు బళ్లూ తనవే. ఏది దొరికితే అది ఎక్కేస్తాం. ఇక్కడ జంక్షన్ దాటాకే ఒకటి శ్రీకాకుళం రోడ్డు వైపు, ఇంకోటి బొబ్బిలి, పార్వతీపురం వైపు విడిపోతాయి. రాత్రి ఏడు గంటల ప్రాంతంలో కంటకాపల్లికీ అలమండకీ మధ్య పలాస బండిని రాయగడ బండి వెనక నుంచి గుద్దేసింది. 14 మంది పోయారు. వెనక బండి నడిపిన ఇద్దరూ, ముందు బండి గార్డూ ఆ లెక్కలో ఉన్నారు.

ఆ లైన్లో ఆటోమేటిక్ సిగ్నళ్లు. రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద బళ్లు ఒకదాని వెనక ఒకటి నడవొచ్చు. వాటి మధ్య ఎడం ఉంచేది ఆ సిగ్నళ్లే. సిగ్నల్ పాడైతే దాని దగ్గర రెండు నిమిషాలు ఆగి, తర్వాత గంటకు 10 కిలోమీటర్లు మించకుండా వెళ్లాలట. వెనక బండి అలా ఆగలేదని రైల్వే వాళ్లు చెప్పారు. తప్పెవరిదో తేల్చడానికి నేను ఇక్కడికి రాలేదు. నా మనసులో ఉండిపోయింది ఆ రెండు నిమిషాలు. అంతకుముందు పొలాల మధ్య బండి ఆగిందంటే మాకు తెలిసింది ఒకటే మాట: ‘మళ్లీ ఆపేశాడ్రా బాబూ!’ గూడ్సు కోసం మనల్ని పక్కన పెట్టేశాడని ఒకడు, ఇంటికెళ్లేసరికి సీరియల్ అయిపోతుందని ఇంకొకడు. ఆగడంలో కూడా ఒక పని ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

సోమవారం చాలా బళ్లు రద్దు. ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్లాను. ఎవడి చేతిలో చూసినా పేపరే. పోయినవాళ్ల పేర్లు, ఊళ్లు వేశారు. నేనూ తీసుకుని చదివాను. రెండోసారి చదివాను. అప్పుడు తెలిసొచ్చింది, ఈ పేర్లలో నావాళ్లు ఉన్నారో లేదో నాకు తెలిసే దారే లేదని.

ఎందుకంటే పంతొమ్మిదేళ్లలో నేను ఎవరి పేరూ అడగలేదు. పేకాటలో నా ఎదురుగా కూర్చునేవాడు ‘కొత్తవలస మాస్టారు’. మాస్టారో కాదో కూడా తెలియదు, కళ్లజోడు చూసి ఎవరో అన్నారు, అది ఉండిపోయింది. కిటికీ పక్కన నిద్రపోయే అతను ‘పోర్టాయన’. కొడుకు ఇంజనీరింగ్‌లో ఎన్ని సబ్జెక్టులు తప్పాడో తెలుసు, భార్యకి థైరాయిడ్ మాత్ర ఎంత డోసో తెలుసు. పేరు తెలియదు. ఒకవేళ తెలిసినా మన వైపు సంగతి మీకు తెలియనిదేముంది? వీధికి ముగ్గురు అప్పలరాజులు, నలుగురు పైడిరాజులు, ఇద్దరు సింహాచలాలు. ‘ఏ ఊరి అప్పలరాజు?’ అని అడగాల్సిందే.

మంగళవారం మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊరంతా ఏడ్చినా అమ్మవారి పండగ ఆగదు కదా, ఆగకూడదనే నేనూ అంటాను. మూడులాంతర్ల దగ్గర జనంలో ఇరుక్కుని ఉన్నాను. మేడల మీద జనం, గోడల మీద జనం. అందరూ తలెత్తి, చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి సిరిమాను కోసం చూస్తుంటే నేను మాత్రం జనం మొహాలే చూస్తున్నాను. పది బారల దూరంలో కొత్తవలస మాస్టారు! ఆయన కూడా ఇటే చూస్తున్నాడు. ఎలా తోసుకుంటూ వచ్చాడో తెలియదు, వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు. ‘ఉన్నావా?’ అన్నాడు. ‘ఉన్నాను, మీరు?’ అన్నాను. చూస్తూ చూస్తూ ‘మీరు?’ అని అడిగాను చూడండి! ఆయన చొక్కా జేబులోంచి నలిగిపోయిన అరటిపండు తీసి సగం నాకిచ్చాడు. సిరిమాను వెళ్లిపోయింది, మేమిద్దరం చూడనే లేదు. పేరు అప్పుడూ అడగలేదు.

మన పట్టాలకి ఇది కొత్త కాదు. 2013లో దీపావళికి ముందురోజు గొట్లాం దగ్గర, మంటలని భయపడి దిగిన జనం మీదికి ఇంకో బండి వచ్చింది. 2017 జనవరిలో కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. అప్పటికి అది మన జిల్లానే. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర గొట్లాం లాంటిదే మళ్లీ, బండి దిగిన జనం మీదికి ఇంకో బండి. ఇవన్నీ పేపర్లో చదివాను, అయ్యో అన్నాను, పేజీ తిప్పి ధరలు చూసుకున్నాను. అది నా బండి కాదు, అంతే.

బుధవారం మళ్లీ రైలెక్కాను. చివరి పెట్టె దాదాపు ఖాళీ. ముందు పెట్టెల్లో కాలు పెట్టే చోటు లేదు. వెనక నుంచి గుద్దితే చివరి పెట్టె పోతుంది సరే, మనమే వెళ్లి గుద్దితే ముందు పెట్టె పోదా? ఈ లెక్క అందరికీ తెలుసు, అయినా ముందుకే ఎక్కాం. సాయంత్రం కంటకాపల్లి దాటాక బండి ఆగింది. ఒక్కడు కూడా ‘ఆపేశాడ్రా’ అనలేదు. పేక ముక్కలు చేతుల్లోనే ఉన్నాయి. ఎవరో ఫోన్‌లో వాచీ చూస్తున్నారు. బండి కదిలాక పోర్టాయన కళ్లు మూసుకునే అన్నాడు: ‘రెండు నిమిషాల పైనే.’ అంటే నిద్రపోలేదన్నమాట. మా ఆవిడ అప్పటినుంచి కొత్తవలసలో ఒక ఫోన్, కోరుకొండలో ఒక ఫోన్. ఇప్పుడు ఒకటే చేస్తుంది, అదీ పాల ప్యాకెట్ కోసం. సంక్రాంతికల్లా ‘ఆపేశాడ్రా’ కూడా తిరిగొచ్చేసింది.

అన్ని మొహాలూ లెక్క తేలాయి, ఒక్కటి తప్ప. అలమండలో పొద్దున్నే ఆకుకూరల గంపతో ఎక్కే ముసలావిడ. గంపకి చోటుంటుందని ఎప్పుడూ చివరి పెట్టెలోనే, తలుపు దగ్గర. సాయంత్రం ఖాళీ గంపతో అదే బండి, అదే పెట్టె. పేపర్లో పేర్లు మళ్లీ చదివాను. లాభం లేదు. అలమండలో బండి ఆగినప్పుడల్లా దిగి చివరిదాకా చూసి పరిగెత్తుకొచ్చేవాణ్ని. తొమ్మిదో రోజు కనిపించింది. నేనూ చివరి పెట్టెలోకే ఎక్కేశాను.

‘ఏమైపోయావమ్మా ఇన్నాళ్లూ?’

‘సిరిమానుకని కూతురింటికొచ్చి ఉండిపోనాను బాబూ.’

కూతురిల్లు ఎక్కడంటే మన కంటోన్మెంట్ దగ్గరే. నేను అలమండలో వెతుకుతుంటే ఆవిడ మా ఊళ్లో మనవడితో ఆడుకుంటోంది. అప్పుడడిగాను, నీ పేరేమిటమ్మా అని.

‘పేరుతో ఏటి పని బాబూ? అప్పేటైనా ఇత్తావేటి?’

పెట్టంతా నవ్వింది. రెండు కట్టలు తోటకూర నా చేతిలో పెట్టి, డబ్బు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. మర్రిపాలెంలో గంప నెత్తికెత్తుకుని దిగుతూ, తల తిప్పలేక అటే చూస్తూ తన పేరు చెప్పింది. సభలో చెప్పొచ్చా అని ఆవిడని అడగలేదు. అందుకని మీకు చెప్పను.