జపనీస్‌లో కోరిక చెప్పడం: 'హొషీ', 'తై', 'తగరు'

అందరికీ నమస్కారం. మీలో చాలామంది హిరగాన (జపనీస్ మొదటి అక్షరమాల) పూర్తి చేసి, క్రియల 'మస్' రూపం (మర్యాద రూపం) దాకా వచ్చి ఉంటారు. అక్కడి నుంచి కోరికలు చెప్పడానికి ఒక్క మెట్టే. ఎన్‌5 పరీక్షకు (జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు) తయారయ్యేవాళ్లకు ఇది తప్పనిసరి పాఠం కూడా. సూత్రాలు బట్టీ పట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. జపనీస్‌లో కోరిక అంటే చేసే పని కాదు, లోపల కలిగే స్థితి. అందుకే దాన్ని క్రియలా కాకుండా విశేషణంలా నడుపుతారు. ఇవాళ్టి నియమాల్లో చాలావరకు ఇక్కడే పుట్టాయి.

వస్తువు కావాలంటే 'హొషీ'. 'మిజు గ హొషీ దెస్' అంటే నీళ్లు కావాలి. కావలసిన వస్తువు పక్కన మామూలుగా 'గ' అనే విభక్తి వస్తుంది. కోరుకునే మనిషి పక్కన 'వ'. మనవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. 'నాకు' అనే అలవాటుకొద్దీ 'వతషి ని మిజు గ హొషీ' అనేస్తారు. అది తప్పు. 'వతషి వ' అనాలి. మాట్లాడేది మీరే కాబట్టి చాలాసార్లు అదీ అక్కర్లేదు.

పని చెయ్యాలని ఉంటే 'తై'. 'మస్' తీసేసి అక్కడ 'తై' పెట్టండి: నొమిమస్ (తాగడం) – నొమితై, తబెమస్ (తినడం) – తబెతై, షిమస్ (చెయ్యడం) – షితై, కిమస్ (రావడం) – కితై. మూడు గణాల క్రియలకూ ఇదే పద్ధతి. కాకపోతే 'దెకిరు' (చేతనవడం) లాంటి క్రియకు దీన్ని తగిలించరు. జపనీస్ రావాలని ఉంటే 'నిహొంగొ గ దెకిరు యో ని నరితై' అనాలి.

'తై' చేరిందంటే ఆ మాట ఇక విశేషణమే. చివరి 'ఇ' మారుతుంది: తినాలని లేదు – 'తబెతకునై', తినాలనిపించింది – 'తబెతకత్త', తినాలనిపించలేదు – 'తబెతకునకత్త'. మర్యాదకు చివర 'దెస్' చేర్చండి. 'తబెతై దెషిత' అని మాత్రం రాయకండి. కాలం మారాల్సింది 'తై'లోనే, 'దెస్'లో కాదు. 'హొషీ' కూడా ఇదే దారి: హొషికునై, హొషికత్త.

ఇక విభక్తులు. 'సుషి ఒ తబెమస్'లోని 'ఒ', 'తై' వచ్చాక 'గ' కావచ్చు, 'ఒ'గానే ఉండనూ వచ్చు. రెండూ సరైనవే. కర్మకూ క్రియకూ మధ్య మాటలు ఎక్కువైతే 'ఒ' హాయిగా పలుకుతుంది. కానీ ఈ వెసులుబాటు 'ఒ'కు మాత్రమే. మిగతావి కదలవు: జపాన్ వెళ్లాలని ఉంటే 'నిహొన్ ని ఇకితై'. స్నేహితుణ్ణి కలవాలని ఉంటే 'తొమొదచి ని ఐతై', రైలెక్కాలని ఉంటే 'దెన్ష ని నొరితై'. తెలుగులో 'స్నేహితుణ్ణి' అంటాం కదా అని అక్కడ 'ఒ' పెట్టేవాళ్లు చాలామంది. ఆ తప్పు 'తై' వల్ల వచ్చింది కాదు, అసలు క్రియను నేర్చుకున్నప్పుడే విభక్తితో కలిపి నేర్చుకోకపోవడం వల్ల వచ్చింది.

ఇప్పటిదాకా మన కోరికలే చెప్పుకున్నాం. పక్కవాడి సంగతి? వాడి కడుపులో ఏముందో మనకెలా తెలుస్తుంది? జపనీస్ వ్యాకరణం ఈ ప్రశ్నను చాలా గట్టిగా పట్టుకుంటుంది. 'తనక సాన్ వ కయెరితై దెస్' (తనకగారికి ఇంటికి వెళ్లాలని ఉంది) అని తేల్చి చెప్పడం అతకదు. బయటికి కనిపించే ప్రవర్తనను చెప్పడానికి 'తగరు', 'హొషిగరు' ఉన్నాయి. తమ్ముడు కారు కావాలని గోల చేస్తుంటే 'ఒతోతొ వ కురుమ ఒ హొషిగత్తె ఇమస్'. ఇక్కడ 'గ' పోయి 'ఒ' వచ్చింది చూశారా? కోరిక బయటపడి పని అయింది, విశేషణం క్రియ అయింది.

అయితే ఈ 'గరు' రూపాన్ని పెద్దవాళ్లకు వాడకండి. మనిషిని పక్కన నిలబడి గమనిస్తున్నట్టు ఉంటుంది. ఆయన అన్నదాన్ని చెప్పడమే క్షేమం: 'తనక సాన్ వ కయెరితై తొ ఇత్తె ఇమస్'. విన్నమాటైతే 'కయెరితై సో దెస్'.

పెద్దవాళ్లను నేరుగా అడిగేటప్పుడూ ఇదే జాగ్రత్త. 'కోహీ ఒ నొమితై దెస్ క' (కాఫీ తాగాలని ఉందా) అంటే వాళ్ల మనసులోకి తొంగిచూసినట్టే. 'కోహీ వ ఇకగ దెస్ క' (కాఫీ తీసుకుంటారా) అనండి. స్నేహితుడినైతే 'నని గ తబెతై?' (ఏం తినాలనుంది?) అని నిక్షేపంగా అడగొచ్చు.

వేరేవాళ్లు ఏదైనా చెయ్యాలని మీకు ఉంటే క్రియ 'తె' రూపానికి ('తె'తో ముగిసే రూపం, 'కితె' లాంటిది) 'హొషీ' చేర్చండి. అన్నయ్య రావాలని ఉంది – 'అని ని కితె హొషీ'. రాకూడదని ఉంటే 'కొనైదె హొషీ'. ఇందాక 'నాకు' దగ్గర వద్దన్న 'ని'కి ఇక్కడ చోటు దొరికింది, కానీ పని చేసే మనిషి పక్కన. నేర్పమని అడిగేటప్పుడు గురువుగారితో 'హొషీ' వద్దు. 'ఒషియెతె ఇతదకితై న్ దెస్ గ' అనండి.

చివరిగా, దుకాణంలో, హోటల్లో ఈ రూపాలతో పని తక్కువ. మనం 'నీళ్లు కావాలి' అంటే చాలు, సర్వర్ తెచ్చేస్తాడు. అక్కడ 'మిజు గ హొషీ దెస్' అంటే అర్థమవుతుంది కానీ కోరికను ప్రకటించినట్టు ఉంటుంది. 'ఒమిజు ఒ కుదసాయ్' అనండి. ఆఫీసులో రేపు సెలవు కావాలంటే 'అషిత యసుమితై న్ దెస్ గ...' అని ఆపేయండి. ఆ 'గ' (ఇది విభక్తి కాదు, 'కానీ' లాంటిది) దగ్గర వాక్యం నిజంగానే ఆగిపోవాలి, తర్వాతి మాట పైఅధికారి అనాలి.