మంద్ర షడ్జమం ఆలస్యంగా పలికే హార్మోనియం: రెండు నెలలు వాయించాక నా మాట

నమస్కారం. మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి మాట్లాడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఈ హార్మోనియం నేను కొన్నది కాదు. అమ్మేవాళ్ళే పంపి, వాయించి చెప్పమన్నారు. డబ్బు తీసుకోలేదు, పెట్టె మాత్రం నా దగ్గరే ఉంటుంది. లోపాలు కూడా చెబుతాను, సరేనంటేనే పంపండి అన్నాను. ఒప్పుకున్నారు.

42 మెట్లు, 3 వరుసల రీడ్లు (గాలికి కదిలి పలికే ఇత్తడి నాలుకలు), 9 శ్రుతుల స్కేల్ ఛేంజర్ (మెట్ల పలకను జరిపి శ్రుతి మార్చే ఏర్పాటు). బరువు, కొలతలు, చెక్క రకం అమ్మేవాళ్ళే చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఒక్క మెట్టు గురించి. ఇదిగో, ఎడమవైపున నేను మంద్ర షడ్జమంగా, అంటే కింది స్థాయి ‘స’గా పెట్టుకున్న మెట్టు.

నొక్కుతున్నాను, వినండి. విన్నారా? స్వరం వెంటనే రాలేదు. ముందు గాలి కదిలింది, ఆ తరువాత పలికింది. కింది స్థాయి రీడ్లు పొడుగ్గా, బరువుగా ఉంటాయి. ఇత్తడి నాలుకను కదిలించడానికి గాలికి కాస్త సమయం పడుతుంది. నాలుకకూ చట్రానికీ మధ్య సందు ఎక్కువైతే మరీ ఆలస్యం, తక్కువైతే గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది. ఈ పెట్టెలో ఆ సందు ఎవరు సరిచేశారో గాని, వారి చేతికి నమస్కారం. తిత్తిని గట్టిగా ఊదితే వెంటనే పలుకుతుంది. మెల్లగా ఊదితే ఒక ఊపిరంత ఆగి పలుకుతుంది. ఆ ఆగడం ఎంతసేపో నా చేతిలో ఉంది.

దీని మీద ఇంతసేపు ఎందుకంటే, నేను కచేరీలకు వాయించేవాడిని కాదు. మా కార్మికవాడలో మేం ఆరుగురం కలిసి కథ చెబుతాం. బుర్రకథ నడక ఉంటుంది, మరాఠీ వీరగాథల పాట పోవాడా ఊపు కూడా ఉంటుంది. ఇక్కడ పెరిగినవాళ్ళకు రెండూ ఇంటివే. బుర్రకథ నాజర్ పుట్టిందీ, మరాఠీ రచయిత, గాయకుడు అణ్ణాభావు సాఠే పుట్టిందీ 1920లోనే. ఒకరు గుంటూరు వైపు తంబురా పట్టారు. ఇంకొకరు ముంబై మిల్లులో పనిచేసి, 1944లో తోటి కళాకారులు అమర్ షేక్, గవాణ్కర్‌లతో కలిసి లాల్ బావటా (ఎర్రజెండా) కళాపథకం అనే దళం పెట్టి, కార్మికవాడల్లో పోవాడాలు పాడారు. మా పిల్లలకు ఈ ఇద్దరి పేర్లూ ఒకే గుక్కలో చెబుతాను.

ఇప్పుడు మేం చెబుతున్నది బొగ్గు గని కథ. మా ఇళ్ళలో గని అనరు, బాయి అంటారు. మా నాన్న ముప్ఫై ఏళ్ళు బాయి పనే చేశారు. కథలో కార్మికుడికి మేం పేరు పెట్టలేదు, దీపం నంబరు పెట్టాం. దీపాల గదిలో ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొక్కేనికి అతని దీపం. దిగేటప్పుడు తీసుకుంటాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. షిఫ్టు ముగిశాక ఒక కొక్కెం ఖాళీగా కనిపించిందంటే కింద ఒక మనిషి ఉండిపోయాడని అర్థం. మా కథలో రెండో షిఫ్టు అయ్యాక ఒక కొక్కెం అలాగే ఖాళీగా ఉంటుంది. మూడో షిఫ్టు వాళ్ళు వరుసగా వచ్చి, ఆ కొక్కెం చూసి, తమ దీపాలు తీసుకోకుండా నిలబడతారు. సమ్మె అక్కడ మొదలవుతుంది.

సమ్మె కథలు నేను చాలా చదివాను. చాలావాటిలో ఆ ఘట్టం రాగానే ఎవరో ఒకరు గట్టు ఎక్కి ఉపన్యాసం మొదలుపెడతారు. నాకు అది నచ్చదు. కడుపు మండిన మనిషి ముందు ఊపిరి పీల్చుకుంటాడు, మాట తరువాత వస్తుంది. అందుకే అక్కడ కథకుడు ఆగిపోతాడు, డప్పు ఆగిపోతుంది, ఈ ఒక్క మెట్టే ఉంటుంది. ముందు గాలి, ఆ తరువాత షడ్జమం. గత నెల ఒక కార్మిక కుటుంబం పెళ్ళి ముందురోజు రాత్రి ఈ కథ చెప్పాం. ఆ గాలి చప్పుడు రాగానే ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను మెట్టు మీద నుంచి వేలు తియ్యలేకపోయాను.

ఇంతకు ముందు నా దగ్గర రెండు పెట్టెలు ఉండేవి. మొదటిది కాగజ్‌నగర్‌లో ఒక పద్యనాటక హార్మనిస్టు దగ్గర కొన్నది. గొంతు బంగారం, తిత్తి మాత్రం చిల్లులు. రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించాను. మా జిల్లాలో మే నెల అంటే 46, 47 డిగ్రీలు కొత్త కాదు. ఆ ఎండకు చెక్క ఎండి కుంచించుకుపోయి, తిత్తి మూలల్లో జిగురు వదిలేసింది. మీరు ఏ హార్మోనియం కొన్నా ఈ పరీక్ష చెయ్యండి. తిత్తి నిండా ఊది, ఒక్క మెట్టు నొక్కి, ఊదే చెయ్యి తీసేసి అంకెలు లెక్కపెట్టండి. నా పాత పెట్టె 9 దాటేది కాదు. ఇది 20 దాటుతోంది, ఈ ఎండాకాలం గడిచాక కూడా.

తిత్తి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పాశ్చాత్య దేశాల నుంచి వచ్చిన పెట్టెను కాలితో తొక్కాలి, బల్ల మీద కూర్చోవాలి. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో ఊదే పెట్టెగా మార్చారు. అందువల్లే ఇది నేల మీదికి, జనం మధ్యకు వచ్చింది. సమ్మె శిబిరంలో చాప దొరుకుతుంది గాని బల్ల ఎక్కడ దొరుకుతుంది? మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం జారే గమకం పలకదని దీన్ని ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు ప్రసారాల్లోకి రానివ్వలేదు. రాగం పాడేవాళ్ళ కోణంలో అది న్యాయమైన ఫిర్యాదే. కథ చెప్పేవాడికి మాత్రం దీనికి సాటి వాద్యం నాకు కనిపించలేదు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి, స్కేల్ ఛేంజర్. మా కథకుడు రెండు శ్రుతిలో పాడతాడు, కార్మికుడి భార్య పాట పాడే అమ్మాయికి అయిదు శ్రుతి కావాలి. మెట్ల పలకను పక్కకు జరపాలి. ఇదిగో జరుపుతున్నాను. ‘టక్’. ఇంత చప్పుడా! భర్త దీపం తిరిగి రాలేదని ఆ ఇల్లాలికి కబురు అందే చోట ఈ టక్ వినిపిస్తే మొత్తం దృశ్యం చెడుతుంది. ఒక రాత్రి చెడింది కూడా. అమ్మేవాళ్ళకు ఫోను చేస్తే, అన్ని పెట్టెలూ అంతే అన్నారు. ఆ జవాబు నాకు నచ్చలేదు. పలక ఆగే చోట కంబళి ముక్క కత్తిరించి అంటించాను, చప్పుడు సగానికి తగ్గింది. ఇంత ధర పెట్టి కొన్నవాడు కంబళి ముక్క వెతుక్కోవాలా? తయారుచేసే చోటే అంటించి పంపవచ్చు కదా. పై స్థాయి గొంతు, పెట్టె మీది నగిషీ, సంచి నాణ్యత గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగానే ఉన్నాయి.

కొనవచ్చా అంటే, గాయకులు మారినప్పుడల్లా శ్రుతి మార్చాల్సిన భజన మండలి వాళ్ళు కాస్త ఆలోచించండి. కథ చెప్పేవాళ్ళు, నాటకం ఆడేవాళ్ళు కొనండి. ఆ ఒక్క షడ్జమం కోసమే కొనండి. నేను డబ్బు పెట్టి అయినా కొనేవాడిని.

ఇప్పుడు దీపాల గది ఘట్టం వాయిస్తాను. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. కాసేపు ఏమీ వినిపించదు, గాలి మాత్రమే ఉంటుంది. వీడియో ఆగిపోయిందని అనుకోకండి. మూడో షిఫ్టు వాళ్ళు వరుసలో నిలబడి ఉన్నారు.